నా గొంతుతో వెళ్లిన జవాబులు

రెండు వేల ఇరవై మూడు వేసవి. నరసరావుపేటలో మా పొడుల కొట్టు పెట్టి అప్పటికి చాలా ఏళ్లయింది. ముందు గదిలో కొట్టు, నడిమింట్లో మా కాపురం, వెనక పెరట్లో రోళ్లు, మిరపకాయలు ఎండబెట్టే చోటు, ఓ ఖాళీ గది. నల్లకారం, కందిపొడి, కరివేపాకు పొడి, ఇవే మా సరుకు. నేను అయిదో తరగతిలో బడి మానేసినదాన్ని. లేబుల్ మీద పేరు, తేదీ సరిగా పడ్డాయో లేదో చూసుకోగలిగితే వ్యాపారానికి ఆ చదువు చాలనుకునేదాన్ని.

చిన్న వ్యాపారం చేసుకునే ఆడవాళ్లు నన్ను తరచూ ఒకటే అడుగుతుంటారు. ఫోన్లలో ప్రచారానికి మనిషిని పెట్టుకుంటే ఎంతవుతుంది, గిట్టుతుందా అని. నెలకి ఇంత అని చెప్పడం తేలిక. మొత్తం ఎంతయిందో చెప్పాలంటే నాగమణి సంగతి చెప్పాలి.

స్రవంతిని తీసుకొచ్చింది మా కోడలు రమ. ముప్పై ఏళ్ల పిల్ల, బస్టాండు దగ్గర మేడ మీద సొంతంగా ఆఫీసు పెట్టుకుంది. వచ్చీ రాగానే ధర చెప్పింది.

"నెలకి ఎనిమిది వేలు అమ్మమ్మగారూ. పన్నెండు రీల్స్ చేసిస్తాను."

రీల్ అంటే నిమిషం కూడా ఉండని వీడియో.

"ఎనిమిది వేలు పెడితే నాకు బస్తా మిరపకాయలొస్తయ్. నీ రీలు దంచితే కారం వస్తదా?"

"కారం రాదు. కొనేవాళ్లొస్తారు. బూస్ట్ డబ్బులు మాత్రం వేరే."

బూస్ట్ అంటే, మన వీడియోని ఎక్కువ మందికి చూపించమని మళ్లీ డబ్బు కట్టడం.

"బండి కొన్నాక అది కదలడానికి ఇంకో రేటా? నీకంటే సంతలో బ్రోకర్లు నయం గదే!"

చివరికి ఆరు వేలకి తెగింది. లేచి వెళ్లబోతూ ఇంకో మాట అంది. పేజీకి వచ్చే మెసేజులకి జవాబులు కూడా తనే చూసుకుంటుందట, దానికి ఇంకో వెయ్యిన్నర. అక్షరాలు కూడబలుక్కునే నాకు ఆ పని తప్పిపోతుందంటే చవకే అనిపించింది. "చూసుకో" అన్నాను.

మర్నాడు చింతగింజంత మైకు తెచ్చి నా పమిట అంచుకి తగిలించింది. దాన్ని కాలర్ మైక్ అంటారట. "పొద్దున పెట్టుకుని సాయంత్రం తీసెయ్యండి. మీరు మామూలుగా మాట్లాడుకోండి. నాకు పనికొచ్చింది నేను తీసుకుంటాను" అంది. రెండు రోజులు దాన్ని చూసి సిగ్గుపడ్డాను. తర్వాత అది ఉన్న సంగతే మర్చిపోయాను. రోలు దగ్గర రమని తిట్టిందీ, మోకాలు పట్టేస్తే మూలిగిందీ, ఘాటుకి దగ్గుతున్న కూలీ మనుషులతో "ఇంకొంచెం ఓపిక పట్టు, దిగుద్ది" అన్నదీ అంతా ఆ గింజ వింటూనే ఉంది.

ఆర్డర్లు పెరిగాయి, కాదనను. దాంతోపాటే వింతలు మొదలయ్యాయి.

ఒకరోజు వినుకొండ వైపు నుంచి ఒకాయన వచ్చి కొట్టు మెట్ల మీదే నా కాళ్లకి దణ్ణం పెట్టాడు. "మీరు ఓపిక పట్టమన్నారు, పట్టాను. మా అమ్మ లేచి తిరుగుతా ఉందమ్మమ్మా" అన్నాడు. ఆయన్ని నేను అంతకుముందు చూసి ఎరగను. నన్ను ఇంకెవరో అనుకుని వచ్చాడనుకున్నాను. తర్వాత కొన్నాళ్లకి ఆటోలో మార్కెట్ యార్డుకి వెళ్తున్నాను. పక్కన ఒక అమ్మాయి ఫోను చెవికి ఆనించుకుని కూర్చుంది. అందులోంచి సన్నగా నా గొంతు వినిపించింది. "తిన్నావా? ఎందుకే ఏడుస్తావు?" ఆ పిల్ల కళ్లు తుడుచుకుని మళ్లీ పెట్టుకుని విన్నది. ఒకసారి నా వైపు చూసింది, గుర్తుపట్టలేదు. పక్కన ఉన్న నేను ఆమెకి ఎవరినీ కాను. ఫోన్లో ఉన్న నేను కావలసినదాన్ని. అదీ స్రవంతి చేసిన రీలేదో అయ్యుంటుందనుకున్నాను.

నాగమణి వచ్చింది మిట్టమధ్యాహ్నం. పెరడంతా మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. గాలి లేదు. పిల్లి రోలు నీడలో పడుకుని ఉంది. వెనక గేటు చప్పుడైతే తలెత్తాను. ముప్పై అయిదేళ్ల మనిషి, చేతిలో బ్యాగు. దారి అడగలేదు, అటూ ఇటూ చూడలేదు. కాయలు తొక్కకుండా అంచు వెంట నడిచి నేరుగా మా వెనక గది గడప దగ్గర ఆగింది.

"ఎవరమ్మా నువ్వు? కొట్టు ముందు పక్కనుంది."

"నేనే అమ్మమ్మా, నాగమణిని. ఈ గదే గద?"

"ఏ గది? ఎవరు చెప్పారు నీకు?"

"మీరే పిలిచిన్రు గద" అని నవ్వింది. ఎన్నాళ్లుగానో తెలిసినవాళ్లు నవ్వే నవ్వు అది.

మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాను. తాగి, నా మోకాలు ఎలా ఉందని అడిగింది. రమ ఇంకా అలిగే ఉందా అని అడిగింది. మా ఇంట్లో సంగతులన్నీ ఆమెకి తెలుసు. ఆమె సంగతి నాకు ఒక్కటీ తెలియదు. అడిగి తెలుసుకున్నాను. కృష్ణ అవతల మిర్యాలగూడ దగ్గర ఊరు. లారీ నడిపే భర్త పోయాక అన్న ఇంట్లో ఉంటోంది. మా వీడియోల్లో ఈ పెరడూ గేటూ చూసి, మా నల్లకారం పొట్లం తెప్పించుకుని బాగుందని మెసేజ్ పెట్టిందట. జవాబు వచ్చింది. ఆ రోజు నుంచి ప్రతి రోజూ మాట్లాడుతోంది. నాతో!

"నిన్న ఇంట్ల మాటలు పడలేక సాగర్ దాంక వచ్చిన అమ్మమ్మా. వంతెన మీద నిలబడ్డ. ఇగ చాలు అనుకున్న. గప్పుడే మీ మాట వచ్చింది."

ఫోను నా ముందు పెట్టి వినిపించింది.

"రా తల్లీ. ఏం భయపడమాక. ఇక్కడ నిన్నెవరూ ఏమీ అనరు. వెనక గది ఖాళీగానే ఉంది, వచ్చెయ్."

నా గొంతే. ఆ మాటలు అన్నది నేనే. కానీ ఈ మనిషితో కాదు. మాటల వెనక దూరంగా ఉరుము, సన్నగా పిల్లి అరుపు. అప్పుడు గుర్తొచ్చింది. గాలివాన వచ్చిన సాయంత్రం, నిండు చూలుతో ఉన్న పిల్లి బస్తాల సందులో వణుకుతుంటే దాన్ని పిలిచాను.

ముందు గదిలోకి వెళ్లి రమ చేత స్రవంతికి ఫోన్ చేయించాను. పరుగున వచ్చింది.

"ఏందే ఇది? నేననని మాట నా నోట్లో ఎట్ల పెట్టావ్?"

"మీరు అనంది ఒక్కటి కూడా లేదు అమ్మమ్మగారూ. అన్నీ మీ మాటలే. ముక్కలు కోసి పెట్టుకుని, ఎవరికి ఏది సరిపోతే అది పంపాను. జవాబులు చూసుకోమన్నారుగా!"

"పిల్లితో అన్నది మనిషికి పంపుతావా?"

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిన్న ఆవిడ 'ఇక సెలవు అమ్మమ్మా' అని రాసింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నంబర్ అడిగితే ఇవ్వలేదు. మీకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మీ మాటలన్నీ వెతికాను. మనుషులతో అన్న మెత్తని మాట ఒక్కటన్నా ఉంటే అదే పంపేదాన్ని."

రమ పక్కకి తిరిగి నవ్వు దాచుకుంది. నేను చూశాను.

పెరట్లోకి తిరిగి వెళ్లే ఆ పది అడుగుల్లోనే తేల్చుకోవాలి. నేను పిలవలేదమ్మా అంటే అది నిజం. ఆ నిజం విన్నాక ఆమె ఏ బస్సెక్కుతుందో, ఎక్కడ దిగుతుందో కూడా నాకు తెలుసు. పిలిచానంటే కల్తీ. ఇన్నేళ్లలో పొడిలో గుప్పెడు ఊక కలపనిదాన్ని. కాకపోతే మా వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. పొట్లం ఎవరు కట్టినా, ఏ కూలీ పొరపాటు చేసినా, మా లేబుల్‌తో బయటికి వెళ్లాక అది మా సరుకే. తిరిగొస్తే మేమే తీసుకోవాలి.

వెళ్లి ఆమె ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. "చూడమ్మా, ఆ మాట నీతో అన్నది కాదు. ఇప్పుడు నీతోనే అంటున్నా, విను. ఇక్కడ నిన్నెవరూ ఏమీ అనరు. ఆ గది ఖాళీగానే ఉంది."

నాగమణి పిల్లి వైపు చూసింది. "నాకు తెల్సు. మాట ఎనక అరుపు ఇనవడ్డది. చానాసార్లు పెట్టుకుని విన్న. పిలిచింది నన్ను కాదని బస్సెక్కకముందే తెల్సు."

"తెలిసీ ఇంత దూరం ఎందుకొచ్చావే?"

"పిల్లికి జాగ ఇచ్చిన ఇల్లు ఎట్లుంటదో చూసి పోదామని."

"చూసి పోవడమేంది? బ్యాగు లోపల పెట్టు. చల్లబడ్డాక తొడిమలు తియ్యాలి. కూలి ఇస్తా. ఊరికే కూర్చోబెట్టి తిండి పెట్టడానికి ఇదేమన్నా సత్రమా?"

ఆమె ఇప్పుడు మా కొట్టులోనే ఉంది. వచ్చిన మెసేజ్ చదివి వినిపిస్తుంది, నేను ఆ మనిషి పేరు అడిగి, ఆ మనిషికే జవాబు చెబుతాను. స్రవంతి రీల్స్ వరకే చేస్తుంది. మైకు ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తియ్యాలో నా ఇష్టం.

ఎంతవుతుంది అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఇదే. నెలకి ఆరు వేలు, బూస్ట్ మీ ఓపిక. కానీ ధర అడగకముందు, మన పేరుతో ఎవరు, ఎవరితో, ఏం మాట్లాడతారో అడగండి. నేను అది అడగలేదు.

ఆ ముక్కలన్నీ తన దగ్గర నుంచి తీసేశానని స్రవంతి ఒట్టేసింది, నమ్మాను. వెళ్లిపోయినవి మాత్రం వెనక్కి రావు. పొడి పాడైతే కొట్ల నుంచి తెప్పించుకోగలం. ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకి వెళ్లే గొంతుని ఎక్కడని పట్టుకుంటాం? ఈ ఘడియలో కూడా నేనెరగని ఊళ్లో, నేనెరగని మనిషిని అది వచ్చెయ్ అని పిలుస్తూ ఉండొచ్చు.

అందుకే వెనక గదిలో నాగమణి మంచం పక్కన ఇంకో మంచం వాల్చి, దుప్పటి వేసి ఉంచాను. వెనక గేటుకి గడియ పెట్టడం మానేశాను.