నాయన రాసిన నొప్పి లెక్క

2024 అక్టోబరు. నంద్యాలలో కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలకు పిల్లల్ని తయారుచేసే ఒక శిక్షణ కేంద్రం. నేను ఫిజియోథెరపిస్టును. ప్రొద్దుటూరులో పుట్టి, పదహారేళ్ళుగా కడప, కర్నూలు వైపు జనాల మోకాళ్ళూ మడమలూ చూస్తున్నదాన్ని. ఆ ఏడు నేను పాఠాలు చెప్పే కాలేజీ తరఫున ఒక చిన్న పరిశోధన నెత్తికెత్తుకున్నాను. ఎంత సాధనకు ఎంత విశ్రాంతి కావాలి, ఏ వారంలో కాళ్ళు చెడుతున్నాయి అన్నది చూడాలని ఆశ. పుస్తకాల్లో ఉండే లెక్కలన్నీ మెత్తటి ట్రాకుల మీద పరిగెత్తేవాళ్ళవి. మా పిల్లలు కాలువ గట్టు మీద, కంకర రోడ్డు మీద, ఎవరో ఇచ్చిన పాత బూట్లతో పరిగెత్తేవాళ్ళు.

పద్ధతి చాలా తేలిక. దాన్ని సెషన్ ఆర్‌పీఈ అంటారు. పరుగు అయిపోయాక, ఈరోజు ఎంత కష్టమనిపించిందో నేను తలొకరికి ఇచ్చిన నోటు పుస్తకంలో సున్నా నుంచి పది లోపల ఒక అంకె రాయాలి. దాన్ని నిమిషాలతో హెచ్చిస్తే ఆ రోజు శరీరం మీద పడిన బరువు తెలుస్తుంది. ఇంతకంటే సులువైన పని లోకంలో ఉండదనుకున్నాను. మొదటి వారం నలభై మంది పుస్తకాలూ తెరిచి చూస్తే, దాదాపు అందరికీ పదికి పది! వీళ్ళు దాన్ని మార్కులనుకున్నారు. "ఇది మార్కులు కాదు, కష్టం" అని గంటసేపు గొంతు చించుకున్నాను. రెండో వారం దాదాపు అందరూ రెండు, రెండు, రెండు. కష్టమని రాస్తే నామోషీ అట. పోలీసు కాబోయేవాళ్ళకు కష్టమేంది అన్నాడు ఒకడు. నేను తల పట్టుకున్నాను.

ఆ నలభైలో ఒక్క పుస్తకం మాత్రం ముచ్చటగా ఉండేది. నాగవేణిది. ఇరవై ఐదేళ్ళ పిల్ల, కోవెలకుంట్ల దారిలో ఊరు. కొట్టివేతలు లేవు, ఖాళీలు లేవు, ముత్యాల్లాంటి అక్షరాలు. అంకెలు మూడు, నాలుగు మధ్య బుద్ధిగా నడిచేవి. ప్రతి సోమవారం వాళ్ళ నాయన ఓబుళరెడ్డి స్వయంగా తెచ్చిచ్చేవాడు. "పుస్తకమంటే ఇట్లా ఉండాలి" అని నేను మిగతావాళ్ళకు దాన్ని చూపించి సిగ్గు తెప్పించాను కూడా. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మూడో సోమవారం ఆ పిల్ల బరువు చూసుకునే మిషను దగ్గరికి వస్తూ ఎడమ కాలు పూర్తిగా ఆనించకుండా నడిచింది. ఏమైందని అడిగితే నాయన వైపు చూసింది. ఆయనే జవాబిచ్చాడు.

"కొత్త బూట్లు మేడం. కొరుకుతాండాయి, అంతే."

కూర్చోబెట్టి చూశాను. మడమకు జానెడు పైన, కాలిముందరి ఎముక లోపలి అంచున వేలుపెట్టి నొక్కితే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ కాలి మీద ఒక్క గెంతు గెంతమంటే గెంతలేకపోయింది. బూట్లట, బూట్లు! దీన్ని స్ట్రెస్ రియాక్షన్ అంటాం. పరుగులో ఎముక కొద్దికొద్దిగా నలుగుతుంది, విశ్రాంతిలో తనను తాను బాగుచేసుకుంటుంది. ఆ వ్యవధి ఇవ్వకపోతే లోపల వాచి, చివరికి చిట్లుతుంది. ఇప్పుడు ఆపితే నెల రోజుల్లో సర్దుకుంటుంది. చిట్లిందంటే పరీక్ష సంగతి మరిచిపోవాలి. పరీక్షకు ఇంకా పది వారాలున్నాయి. పోయినసారి పదహారు వందల మీటర్ల పరుగులో నాలుగు సెకన్లు ఆలస్యమై ఉద్యోగం పోగొట్టుకున్న పిల్ల ఇది. మళ్ళీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి.

"పరుగు ఆపండి, కర్నూలుకు పోయి ఎమ్మారై తీయించండి" అని కాగితం మీద రాసి మరీ ఇచ్చాను.

గురువారం వచ్చారు. కాలికి కోడిగుడ్డు సొన, పసరు వేసి, వెదురు బద్దలతో నాటు కట్టు! బట్ట అంచులు దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి.

"ఇదేందన్నా?" అన్నాను.

"ఎక్స్‌రే తీపిచ్చినాం మేడం. ఏం ల్యాదన్నారు, ఎముక ఉక్కు మాదిరి ఉండాదంట. ఎందుకైనా మంచిదని కట్టు కట్టిచ్చినా."

"మొదట్లో ఎక్స్‌రేలో కనపడదని చెప్పినా గదా. సరే, ఈ దుమ్మేంది?"

"పొద్దున పరిగెత్తింది గదా, అదీ."

"కట్టుతోనా?"

"కట్టుంటే ఎముక కదల్దు. కదలకపోతే పరిగెత్తేకి ఏమైతాది మేడం?"

పదహారేళ్ళ సర్వీసులో నాటు కట్టు వేయించుకున్నవాళ్ళను చూశాను, పరుగు మానని మొండివాళ్ళను చూశాను. రెండూ కలిపి చేసిన మహానుభావుణ్ణి మాత్రం ఈయన్నే చూశాను. నేనే ఆటో మాట్లాడి బస్టాండు దాకా పంపితే ఆ వారం ఎమ్మారై అయింది. నేనన్నదే వచ్చింది. నాలుగు వారాలు పరుగు బందు అని ఎముకల డాక్టరు కూడా రాశాడు. ఓబుళరెడ్డి తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు నచ్చలేదు.

అనుకున్నంతా అయింది. కాలువ గట్టు మీద నాగవేణి పరిగెత్తుతోందని, వెనకాల బండి మీద నాయన వస్తున్నాడని కేంద్రంలో ఎవరో చెప్పారు. చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నానా అనిపించింది. స్కూటీ వేసుకుని ఆ ఊరికి పోయాను, నాలుగు మాటలు దులిపి వద్దామని.

ఓబుళరెడ్డి కొట్టంలో ఉన్నాడు. రెండు ఒంగోలు గిత్తలు, ఏనుగు పిల్లల్లా ఉన్నాయి. బండలాగుడు పోటీలకు మేపుతున్న జత. ఆయన ఒకదాని గిట్ట ఒళ్ళో పెట్టుకుని గోరువెచ్చటి నీళ్ళతో తుడుస్తున్నాడు. నాగవేణి పక్కన ఉడికిన ఉలవలు గంపకెత్తుతోంది, ఎడమ కాలు తేలిగ్గా ఆనించి.

"పోటీ ఎప్పుడన్నా?" అన్నాను, కోపం బిగబట్టి.

"ఇరవై దినాలుండాది మేడం."

"మరి ఈరోజు బండ కట్టలేదే?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "నిన్న గట్టిగా లాగినాయి గదా. ఈరోజు ఉత్త నడక, రేపు చెరువులో ఈత. దినామూ బండ కడితే ఎద్దు మిగుల్తాదా? దీనికి పోయిన వారం గిట్ట కాడ వాపొచ్చింది. అప్పుట్నుంచి బండ ముట్టిచ్చల్యా."

నేను కాలేజీలో చదివి, పరీక్షలు రాసి, పిల్లలకు పాఠం చెప్పేదంతా ఈయన కొట్టంలో ఉంది! కూతురికి తప్ప అందరికీ అమలు చేస్తున్నాడు. నాకు అరవాలనిపించింది, అరిచాను కూడా.

"గిత్తకొక న్యాయం, కూతురికొక న్యాయమా రెడ్డన్నా? ఆ కాలు వాపు నీ కంటికి కనపడలేదా?"

ఆయనకూ పౌరుషం వచ్చింది. "ఎద్దు నోరు లేని జీవం మేడం. నడక చూసి, మేత చూసి మనమే కనిపెట్టుకోవాల. పిల్లకు నోరుండాది గదా. శానా నొప్పుంటే చెప్పదా?"

గంప కింద పెట్టిన చప్పుడైంది.

"చెప్తే యాడ ఇంటాండావు నాయనా?" అంది నాగవేణి. "పదైదు దినాల్నుంచి చెప్తానే ఉండా. సోమరితనం అంటివి. ఆ పుస్తకంలో నేను తొమ్మిదని రాస్తే, మేడం చూస్తే ఆపేయమంటుందని నువ్వే ఇంగోటి కొని, మూడు రాస్తివి."

ఆయన మొహం పాలిపోయింది. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. మూడు వారాలు ఆ పిల్ల నా ఎదురుగా నిలబడింది. అంకెలు చూశాను, దస్తూరీ మెచ్చుకున్నాను, నాయనను పక్కకు పంపి నీకెట్లా ఉందని ఆమెను ఒక్కసారి అడగలేదు. ఆయన్ని తిట్టడానికి పోయినదాన్ని, సగం తిట్లు నాకే తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

ఆ తర్వాత ఆయన అడ్డం పడలేదు. నాలుగు వారాలు నాగవేణి సైకిలు తొక్కింది. గుండె దమ్ము తగ్గకూడదు, ఎముక మీద దెబ్బ పడకూడదు, అందుకు సైకిలు. ఆపైన నడక, నడక మధ్యలో కొంచెం పరుగు, ఆపైన అసలు పరుగు, రోజు విడిచి రోజు. డిసెంబరు చివరికి పోయినసారి ఎంతలో పరిగెత్తిందో అంతలోకి వచ్చింది. అంతకంటే ముందుకు పోతుందని నేను మాటివ్వలేకపోయాను.

పరీక్ష రోజు పొద్దున ఏడుకు ఫోను. కర్నూలు మైదానం గేటు దగ్గరి నుంచి ఓబుళరెడ్డి.

"మేడం, వేణి కాలు లాగుతాందంటాది. వద్దని చెప్పినా. ఇంటికి పిల్చుకపోతాండా."

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ విననివాడు ఈరోజే ఇంతగా వినాలా? "పిల్లకియ్యి ఫోను" అన్నాను.

"యాడ లాగుతాంది వేణీ?"

"పిక్కలో మేడం. నిన్న బస్సులో నిలబడొచ్చినాం. ఎముక కాడ ఏం ల్యా."

"గెంతి చూసినావా?"

"పదిసార్లు గెంతినా. నేను పరిగెత్తగలను మేడం. నాయనకు చెప్పండి."

"నేను చెప్పను, నువ్వే చెప్పు" అన్నాను. ఫోను పెట్టకుండా విన్నాను. ఆమె గట్టిగా ఏదో అంది. ఆయన ఇంకొక్కసారి గెంతి చూపమన్నాడు. తర్వాత, "సరే, పో" అన్నాడు.

పరిశోధన కాగితాలు అచ్చయ్యాయో లేదో ఎవరికీ పట్టదు గానీ, నాకు మిగిలింది ఒకటే. ఒంటి కష్టం ఆ ఒంటివాళ్ళకే తెలుస్తుంది. వాళ్ళ బదులు చెప్పేవాళ్ళు ఎంత ప్రేమగలవాళ్ళయినా సరే, వాళ్ళను కాసేపు బయట కూర్చోబెట్టాలి. ఇప్పుడు నా గదిలో మొదట చేసే పని అదే. ఎంతమంది నాయనలు అలిగినా సరే.

మధ్యాహ్నం నాగవేణే ఫోను చేసింది. రొప్పు ఇంకా తగ్గలేదు.

"గడువుకు తొమ్మిది సెకన్లు ముందే వచ్చినా మేడం!"

"నాయన ఏమన్నాడు?"



"టైము అడగల్యా మేడం. కాలు నొప్పుండాదా అని అడిగినాడు."