మా తాతయ్యకు అందని సత్ప్రసాదం

ఇక్కడ గల్ఫ్‌లో, ఇంటర్నేషనల్ సిటీలో ఉన్న మా ఫ్లాట్‌కి మొన్న కొత్త తోలు చెప్పులొచ్చాయి. మఫ్రఖ్‌లో పని ముగించుకుని కంపెనీ బస్సులో కునికిపాట్లు పడుతూ వచ్చి డబ్బా మూత తీశానో లేదో, ఆ వాసనకి నలభై ఏళ్ల కిందటి గూడూరు రైల్వే కాలనీ, అందులో తాతయ్య ట్రంకుపెట్టె గుర్తొచ్చాయి. ఈ వయసులో గుర్తు రావడాలు కూడా అలసటే.

ఆ పెట్టెలో కలరా ఉండల మధ్య తెల్లటి గొర్రెతోలు ఏప్రాన్ ఉండేది, చుట్టూ నీలం రిబ్బనుతో. గార్డుగా చేసి రిటైరైన తాతయ్య ఆదివారం పూజ తప్పని కతోలికుడు, ఫ్రీమేసన్లనే రహస్య సోదర సంఘపు లాడ్జిలో సభ్యుడు కూడా. ఆ ఏప్రాన్ వాళ్ళు సమావేశాల్లో నడుముకు కట్టుకునేది. గడ్డిలో మాగిన మామిడిపళ్ళ వాసన ఇల్లంతా నిండిన ఎండాకాలంలోనైనా, వీధి మోకాలిలోతు నీళ్ళైన వానల్లోనైనా, క్రిస్మస్ ముందు మా అవ్వ మరియమ్మ గులాబీ పువ్వుల అచ్చు నూనెలో ముంచుతూ "ఈ పొద్దన్నా ఇంటి పట్టున ఉండకూడదా" అని గొణుగుతున్నా, నెలకో శనివారం నల్లకోటు తొడుక్కుని ఏప్రాన్ సంచిలో పెట్టుకుని బయల్దేరేవాడు. పిల్లలం దాన్ని దెయ్యాల క్లబ్బు అనేవాళ్ళం. లోపల పుర్రె పెట్టుకుని మేక నెత్తురు తాగుతారని ఒకర్నొకరం బెదిరించుకునేవాళ్ళం.

"ఆడ మేం తినేది ఉప్మా రా అబ్బయా, అదీ చల్లారింది," అని నవ్వేవాడు తాతయ్య.

నేను మొదటి సత్ప్రసాదం తీసుకోవాల్సిన ఏడాది మా చర్చికి కొత్త ఫాదర్ గారొచ్చారు. దానికి ముందు చెప్పే పాఠాల్లో ఒకరోజు, తిరుసభ, అంటే మా కతోలిక సంఘం, వద్దన్న పనులు చేసేవాళ్ళు మీ ఇళ్ళల్లో ఉన్నారా, నిజం చెప్పినవాళ్ళకి పునీతుల పటం ఇస్తానన్నారు. బంగారు అంచు పటం. నేను చెయ్యెత్తి తాతయ్య పేరు చెప్పాను, ఏప్రాన్ రంగుతో సహా. అడగకపోయినా పెట్టె తాళంచెవి ఎక్కడుంటుందో కూడా చెప్పాను.

ఆ ఆదివారం తాతయ్య ఎప్పటిలాగే వరుసలో వెళ్ళి మోకరించి, కళ్ళు మూసుకుని నాలుక చాపాడు. ఫాదర్ గారు ఆయన్ని దాటి పక్కాయనకి సత్ప్రసాదపు అప్పం పెట్టారు. తాతయ్య కాసేపు అలాగే ఉండి, కళ్ళు తెరిచి, లేచి వెనక్కి వచ్చాడు. నా జేబులో పటం ఉంది.

లాడ్జి వదిలేశానని కాగితం రాసి, ఏప్రాన్ తెచ్చి ఇవ్వాలన్నారట ఫాదర్ గారు. అందాకా సత్ప్రసాదం లేదు, చనిపోతే మన సమాధుల దొడ్లో చోటూ లేదు. ఆ దొడ్లోనే తాతయ్యా అవ్వల పెద్దకొడుకు, మూడేళ్ళకే పోయిన పిల్లాడు ఉన్నాడు. అవ్వ ఏడ్చింది.

"దేవుణ్ణి నమ్మనోణ్ణి లాడ్జికి రానే రానీరు మరియా. ఏం తప్పు చేసినానని రాసియ్యాల?" అన్నాడు తాతయ్య. రెండు మూడొందల ఏళ్ల కిందటే పోపుగార్లు నిషేధం రాశారనీ, పోర్చుగల్లో ఫ్రీమేసన్ అన్న ఈ ఒక్క మాటకే మనుషుల్ని చెరలో వేసి ఒళ్ళు విరిచారనీ నాకు ఆయనే చెప్పాడు. "మనకి బెంచీ మారిందంతే," అన్నాడు.

నాలుగేళ్ళు చివరి బెంచీలో కూర్చున్నాడు. ఎవరు చెప్పారని ఎప్పుడూ అడగలేదు. మంచాన పడ్డాక మాత్రం, "పిల్లోడి పక్కన పడుకోవాల గదా," అని సంతకం పెట్టాడు. ఏప్రాన్ నా చేతికే ఇచ్చి పంపారు. ఫాదర్ గారు దాన్ని వంటచెరకు మీద పెట్టించి కాల్పించారు. తాతయ్యకి సత్ప్రసాదం అందింది, చోటూ దొరికింది. సమాధి రోజున లాడ్జి స్నేహితులు ముగ్గురు గేటు బయటే టోపీలు తీసి నిలబడ్డారు. వాళ్ళని లోపలికి రమ్మన్నవాళ్ళు లేరు.

ఇప్పుడు ఆ కాలనీ లేదు, లాడ్జి మూతపడింది, అవ్వా ఆ దొడ్లోకే వెళ్ళిపోయింది. కరోనా తర్వాత ఇక్కడి చర్చిలో సత్ప్రసాదం చేతిలోనే పెడుతున్నారు, నాలుక చాపేవాళ్ళు లేరు.

పండగ ముందు పాపసంకీర్తనం వరుసలో నిలబడితే మా ఆవిడ వెనక నుంచి తోస్తుంది. "యల్లా, పదండి, మీ వంతే. అంత ఆలోచించేంత పాపాలేం చేశారు?"

లోపలికెళ్ళి ఫాదర్ గారికి కోపం, బద్ధకం, అబద్ధాలు చెప్పి వచ్చేస్తాను. తాతయ్యని పట్టిచ్చిన సంగతి ఇంతవరకూ చెప్పలేదు. చెబితే ఈ ఫాదర్ గారు కూడా, అది పాపం కాదు బాబూ, మంచి పనే చేశావంటారేమోనని భయం.