పాతరలో ఎంగిలి గాలి

మా ఇంటి జొన్నలు నా చిన్నప్పుడు నేల లోపల ఉండేవి. గురజాల దగ్గర మా ఊళ్లో కాస్త పంట పండేవాళ్లందరికీ అంతే. దొడ్లో రెండు నిలువుల లోతు గొయ్యి తవ్వి, చుట్టూ చొప్ప పేర్చి, జొన్నలు పోసి, పైన మళ్లీ చొప్ప కప్పి మట్టితో మెత్తేసేవాళ్లు. దాన్నే పాతర అంటారు. మూతి ఒక మనిషి దిగేంత ఉంటుంది, లోపల మాత్రం కుండలాగా వెడల్పు. ఎలుక రాదు, పురుగు బతకదు. ఇప్పటి పిల్లలకి చెబితే నేనేదో కథ అల్లుతున్నానని నవ్వుతారు. నవ్వితే నవ్వారు, నాకేం! ఆ జొన్నరొట్టెలు నమిలిన పళ్లు సగం ఇంకా నా నోట్లోనే ఉన్నాయి.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, శ్రావణంలో ఒక శుక్రవారం నాడు మా పాతర తీశారు. ఇంట్లో గింజలు అడుగంటాయి. మా బాబాయికి పెళ్లయి ఏడాది కాలేదు, పిన్నికి అప్పుడు ఐదో నెల. బాబాయి వట్టి తొందర మనిషి. చెప్పులు వేసుకునే లోపే వీధి చివర ఉండేవాడు. తాతయ్య దానికి పూర్తిగా ఎదురు. పాతర తీస్తే పూటంతా మూతి తెరిచి ఉంచాలి, లోపలి ఆవిరి పోవాలి, దీపం దించి చూడాలి, అది అడుగున వెలుగుతుంటేనే మనిషి దిగాలి అనేవాడు. ఏటా అదే మాట, అదే వరస.

పొద్దున్నే పైమట్టి తవ్వి చొప్ప లాగేశారు. గుప్పున ముక్కిన వాసన వచ్చింది. నేను వెళ్లి మూతి మీద చెయ్యి పెట్టాను. అన్నం ఉడికే గిన్నె మీద పెట్టినట్టు వెచ్చగా తగిలింది. నేలలోంచి వేడి ఎందుకొస్తుందా అని భలే ఆశ్చర్యం నాకు. పైన చేతికి అందిన గింజలు గంపలకెత్తారు. మిగతావి లోతున ఉన్నాయి, మనిషి దిగితేనే గాని అందవు.

మామూలుగా అయితే సాయంత్రం దాకా ఆగేవాళ్లే. మధ్యాహ్నానికి పడమట నల్లగా మబ్బు కమ్మింది. తెరిచిన పాతరలో వాన పడిందంటే ఏడాది తిండి బురదలో కలిసినట్టే. తాతయ్య తాటాకు చాపల కోసం పక్కింటి మామ దగ్గరికి పరుగెత్తాడు. పోతూ పోతూ నాకు పని అప్పగించాడు. దీపం దించి చూడు, ఆరిందో లేదో బాబాయికి చెప్పు, అన్నాడు. పెద్దవాళ్ల పని నాకిచ్చినందుకు నేను పొంగిపోయాను.

నానమ్మ ఒక ఇత్తడి పళ్లేనికి మూడు తాళ్లు కట్టి, అందులో ఆముదం ప్రమిద పెట్టి ఇచ్చింది. పాతర అంచున పసుపు కుంకుమ పెట్టి, తను పిన్ని దగ్గరికి వెళ్లిపోయింది. నేను బోర్లా పడుకుని మెల్లిగా తాడు వదిలాను. మూర లోతు దాకా బాగానే వెలిగింది. ఇంకో మూర దిగేసరికి వత్తి చివర చిన్నదై, గాలి వీచకుండానే ఎవరో చిటికెతో నలిపేసినట్టు ఆరిపోయింది. పైకి లాగి, అగ్గిపుల్ల గీసి మళ్లీ దించాను. మళ్లీ అంతే.

తాతయ్య అడిగిందే అది, చెబితే సరిపోయేది. కానీ నా భయం నాది. అంతకు వారం ముందే దేవుడి దీపం పట్టుకుని పరుగెత్తి ఆర్పేశాను. "కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉంటే దీపం ఆర్పుతావంటే, పాడు మొహమా!" అని నానమ్మ నా వీపు చీరేసింది. మా ఇంట్లో దీపం ఆరిపోయింది అన్న మాటే అనకూడదు, కొండెక్కింది అనాలి. అట్లాంటిది శుక్రవారం పూట, కడుపుతో ఉన్న పిన్ని ఇంట్లో ఉండగా, నా చేతిలో రెండుసార్లు ఆరింది. పిన్నికేమన్నా అయితే నా వల్లే అంటారనిపించింది. మూడోసారి వెలిగించి, లోపలికి దించకుండా మూతి దగ్గరే పట్టుకుని, "వెలుగుతానే ఉంది బాబాయ్!" అని అరిచాను.

బాబాయి పంచె ఎగగట్టి వచ్చాడు. మబ్బు వంక ఒకసారి చూసి, అంచు మీద చేతులాన్చి లోపలికి కాళ్లు వేశాడు. నడుము దాకా దిగాడు, ఛాతీ దాకా దిగాడు. నేను ప్రమిద పట్టుకుని చూస్తానే ఉన్నాను. ఆయన తల అంచు కిందికి పోయినప్పుడు కేక ఎట్లా వచ్చిందో ఏమో, గొంతు చించుకుని అరిచాను. "ఆరిపోయింది బాబాయ్! దిగొద్దు! రెండుసార్లు ఆరిపోయింది!"

"ఏందే, ఇప్పుడేగా..." అన్నాడు లోపల్నించి. మాట పూర్తి కాలేదు. అంచు పట్టుకున్న వేళ్లు జారుతున్నాయి. అప్పుడే చాపలతో వచ్చిన తాతయ్య వాటిని అక్కడే పడేసి, బోర్లా పడి బాబాయి జుట్టు దొరకబుచ్చుకున్నాడు. పక్కింటి మామ రెక్క పట్టాడు. ఇద్దరూ కలిసి బయటికి ఈడ్చి నేల మీద పడుకోబెట్టారు. మొహం బూడిద రంగులో ఉంది. కాసేపటికి దగ్గి, కక్కుకుని, కళ్లు తెరిచాడు. పిన్ని ఏడవను కూడా లేక గుమ్మం పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఆ మొహం నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇంతలో వాన దంచింది. చాపలు కప్పేలోపే కొన్ని నీళ్లు లోపలికి పోనే పోయాయి. ఆ ఏడాది సగం రొట్టెలు ముక్కిన కంపు కొట్టాయి. నేను ప్రతి ముక్కా తల దించుకునే తిన్నాను.

ఆ సాయంత్రమే నానమ్మ నా మీదికి చీపురు ఎత్తింది. తాతయ్య అడ్డం నిలబడి, పిల్ల జోలికి రావద్దన్నాడు. ఈ సంగతి మన దొడ్డి దాటి పోకూడదని కూడా గట్టిగా చెప్పాడు. మర్నాడు పొద్దున నన్ను పాతర దగ్గరికి తీసుకెళ్లి, పక్కన కూర్చుని, దీపం నా చేతే దింపించాడు. ఆరింది. ఏమైందో చెప్పమన్నాడు. గొణిగాను. గట్టిగా చెప్పమన్నాడు. "ఆరిపోయింది తాతయ్యా!" మళ్లీ వెలిగించాడు, మళ్లీ దింపించాడు. ఎన్నిసార్లు చెప్పించాడో లెక్కలేదు. చివరికి వీధిలో వాళ్లకి వినపడేట్టు అరిచాను, నానమ్మ చెవులు మూసుకుంది. అప్పటికి గాని నాకు ఆ మాటంటే భయం పోలేదు.

ఎందుకారుతుందని అడిగాను. "జొన్నలకి ప్రాణం ఉంటదమ్మా. విత్తితే మొలిచే గింజలు, ప్రాణం లేకుండా ఎట్ట మొలుస్తయ్? లోపల పడుకుని అవి గూడా ఊపిరి తీస్తా ఉంటయ్. మనకి ఒళ్లు వెచ్చగా ఉన్నట్టే వాటికీ ఉంటది. ఉన్న మంచి గాలంతా వాడేసి, ఎంగిలి గాలి వదుల్తయ్. దీపం ఎంగిలి గాలి ముట్టదు. మనిషీ అంతే" అన్నాడు. తర్వాత తాతయ్యా, పక్కింటి మామా కంబళి తడిపి, గొయ్యిలోకి దించి, పైకి లాగి, మధ్యాహ్నం దాకా ఆ గాలిని తోడిపోశారు. దీపం అడుగు దాకా దిగి నిలకడగా వెలిగాకే తాతయ్య తనే దిగాడు.

హైస్కూల్లో సైన్సు మాస్టారు దాని పేరు బొగ్గుపులుసు వాయువు అని చెప్పారు. కట్టె మండినా, మనం ఊపిరి వదిలినా, గింజ ఊపిరి వదిలినా వచ్చేది అదేనట. మామూలు గాలికన్నా బరువు కాబట్టి గోతిలో నీళ్లలాగా నిలబడిపోతుందట. నేను లేచి, మా తాతయ్య దాన్ని ఎంగిలి గాలి అంటాడండీ అన్నాను. క్లాసంతా నవ్వింది, మాస్టారు నవ్వలేదు.

మొన్న ఎండాకాలం నరసరావుపేటలో మా ఇంట్లో కూర్చుని, ఫ్యాను కింద కూడా ఉడికిపోతూ, మనవరాలు నాకు పాఠం చెప్పింది. బొగ్గు, పెట్రోలు, గ్యాసు ఇన్నేళ్లూ మండించి వదిలిందంతా పైన చేరి, నేల వేడిని పోనివ్వకుండా పట్టుకుంటుందట. ఎంగిలి గాలే గదే అన్నాను. "ఊపిరాడకుండా చేసేంత లేదు నానమ్మా, వేడిని పట్టేంత ఉంది" అంది. మరి ఆ సంగతి తెలిసినవాళ్లు గట్టిగా చెప్పరేం అంటే, "చెప్తానే ఉన్నారు, వినేవాళ్లేరీ?" అంది. నాకు నిజంగా భయమేసింది. మా బాబాయి కూడా నా కేక వినకుండా అంచు వదిలి దిగిపోయుంటే ఏమయ్యేదో నాకు తెలుసు.

ఆ పాతర సంగతి తర్వాత చెడ్డ కబురు నేను నోట్లో దాచుకోలేదు. మా ఆయన జబ్బు రిపోర్టు సంగతి ఆయనకి నేనే చెప్పాను. తెలిసినవాళ్ల పిల్లకి చూసిన సంబంధంలో పెళ్లికొడుకు తాగుతాడని తెలిస్తే మొహానే చెప్పాను, వాళ్లు రెండేళ్లు నాతో మాట్లాడలేదు. నోటి దురుసు మనిషి అంటారు నన్ను, అనుకోనీ.

కానీ ఒక్క దగ్గర మాత్రం నోరు కట్టేసుకున్నాను. ఆ మార్గశిరంలో పిన్నికి ఆడపిల్ల పుట్టింది. నిరుడు బాబాయి పోయినప్పుడు ఆ చెల్లెలే నా ఒళ్లో తల పెట్టుకుని, మా నాన్న నన్ను ఎత్తుకుని తిప్పని వీధి లేదక్కా అని ఏడ్చింది. అప్పుడైనా చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను, వినవే చెల్లీ. నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు, అబద్ధం చెప్పి మీ నాన్నని పాతరలోకి దింపింది నేనే. నన్ను తిట్టాలనిపిస్తే ఫోనులో వద్దు, ఇంటికి రా. తిట్టినంత తిట్టి, అన్నం తిని పో.