వాళ్లు దారి ఇచ్చారు

మా పాప పుట్టకుండానే పోవడానికి బంద్ కారణమని మా చుట్టాలందరూ ఇప్పటికీ అనుకుంటారు. ఆ మాట పుట్టించింది నేను. అది అబద్ధం.

తెలంగాణ ఉద్యమం రోజులవి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి వనస్థలిపురంలో ఒక మేడ మీద అద్దెకుండేవాళ్లం. కింద ఉండే ఇంటివాళ్లది పోచంపల్లి. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. నా భార్యకి ఎనిమిదో నెల. బంద్ వస్తే నాకు ఆఫీసు ఉండదు, పొద్దుటి నుంచి టీవీయే. తెర అడుగున పరుగెత్తే అక్షరాలు చదువుతూ కూర్చునేవాణ్ణి. ఎక్కడో బస్సు అద్దం పగిలితే మా వీధిలో పగిలినట్టే ఉండేది. ఒక చానల్లో చూసిందే ఇంకో చానల్లో మళ్లీ చూసేవాణ్ణి, అలా కాపలా కాస్తుంటే మాకేమీ కాదన్నట్టు.

ఆ బంద్ రోజు తొమ్మిదింటికి నా భార్య వచ్చి, "ఏమండీ, కడుపులో కదలడం లేదు," అంది.

"నిద్రపోతోందేమో. ఏదన్నా తియ్యగా తిను," అన్నాను తెర మీంచి కళ్లు తిప్పకుండా.

బెల్లం ముక్క తిని పడుకుంది. పదకొండింటికి మళ్లీ అదే మాట అంది. "హాస్పిటల్‌కి వెళ్లే దారిలోనే, ఎల్బీనగర్ చౌరస్తాలో ఉద్యమం వాళ్లు నడిరోడ్డు మీద వంటలు చేస్తున్నారు, చూడు. ఇది కాస్త సద్దుమణగనీ," అన్నాను.

నిజానికి నా భయం రాళ్ల గురించి కాదు, నా నోటి గురించి. ఎవరైనా ఆపి ఎక్కడికని అడిగితే, ఒక్క మాటతో నేను ఎక్కడివాణ్ణో తెలిసిపోతుంది.

మధ్యాహ్నం కింది ఇంటావిడ బట్టలారేయడానికి పైకొచ్చి నా భార్యని చూసింది.

"ఏంది తమ్మీ, బిడ్డ మొకం గట్ల పాలిపోయింది? నువ్వేమో టీవీల తలకాయ పెట్టి కూసున్నవ్. లే. మా ఆయన దుకాణం వ్యాన్ తీస్తడు, నేను గూడ వస్త."

"వద్దండీ అక్కగారూ, దారిలో గొడవలు. సాయంత్రం చూద్దాం."

"గొడవేంది? మా ఆడబిడ్డ గాడనే అన్నం వండుతున్నది!"

నేను లేవలేదు. మూడింటికి ఆవిడ మళ్లీ వచ్చి, నన్నడక్కుండా టీవీ ఆపేసి, నా భార్య చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. అప్పుడు వాళ్ల వెనకాల నడిచాను.

వ్యాన్‌లో దారంతా "దవాఖానకు పోతున్నమక్కా" అన్న ఒక్క మాటే లోలోపల వల్లించుకున్నాను. చౌరస్తాలో ఒకామె గరిటె అడ్డం పెట్టి బండి ఆపింది. నా నోట్లోంచి మాత్రం, "అమ్మా, మా ఆవిడకి బాలేదండీ, హాస్పిటల్‌కి వెళ్లాలండీ," అని వచ్చింది.

ఆమె లోపలికి తొంగి చూసింది. "జరుగుండ్రి! గా గంజు పక్కకు తియ్యుండ్రి! బిడ్డ కడుపుతోటి ఉన్నది!"

నలుగురు ఆడవాళ్లు ఉడుకుతున్న అన్నం గంజును పొయ్యి మీంచి ఎత్తి పక్కకి మోశారు. నాది ఏ ఊరని ఎవరూ అడగలేదు. నిమిషం కూడా పట్టలేదు.

దిల్‌సుఖ్‌నగర్ ఆసుపత్రిలో స్కాన్ చేసిన డాక్టరమ్మ తెరని మాకు కనబడకుండా తిప్పేసింది. "పొద్దున్నే ఎందుకు తీసుకురాలేదు?"

"బంద్ కదండీ. దారిలో ఆపేశారు," అన్నాను.

నా భార్య కళ్లు తెరిచి నా వంక చూసి, మళ్లీ మూసుకుంది. ఇంటావిడ తలుపు దగ్గరే నిలబడి ఉంది.

ఊరి నుంచి వచ్చిన చుట్టాలకీ అదే చెప్పాను. వాళ్లు మేడ మీద కూర్చుని ఉద్యమం వాళ్లని తిట్టిపోస్తుంటే, కింద ఆవిడకి అన్నీ వినపడేవి. వాళ్లున్న మూడు రోజులూ అందరికీ ఆవిడే అన్నం పంపింది. రెండు నెలలకి మేం ఇల్లు మారాం.

పొద్దున్నే వెళ్తే పాప దక్కేదో లేదో నేను ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు మా ఇంట్లో టీవీ లేదు. ఇంటికి రాగానే ఫోన్ గుమ్మం పక్క అరలో పెట్టేస్తాను. "ఏమండీ" అని వినపడగానే చేతిలో ఏమున్నా వదిలేసి లేస్తాను. పై అరలో డబ్బా అందకే పిలిచి ఉంటుంది. "అంత కంగారెందుకండీ," అంటుంది.

ఇది రాసి నా భార్యకి చదివి వినిపించాను. చివరిదాకా వింది.

"తొమ్మిదింటిది రెండోసారి," అంది. "ఏడున్నరకే చెప్పాను. మీకు వినపడలేదు."