అత్త నీళ్లు తాగని ఇల్లు

ఇబ్రహీంపట్నంలో మా ఇల్లూ మా యారాలి ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. యారాలంటే తోటికోడలు, మా బావ భార్య. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అని పిలుస్తాను. గోడలో రాకపోకలకు ఒక చిన్న దిడ్డి తలుపు ఉంది. అన్నదమ్ములు జాగా పంచుకున్నప్పుడు దాన్ని మాత్రం మూయొద్దని మా అత్త పట్టుబట్టిందట. ఆ తలుపును నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో నాకే తెలియదు.

అత్త చిన్నకొడుకు దగ్గర ఉండటం మా ఇంటి ఆనవాయితీ. అంటే మా దగ్గర. ఆమె పెట్టె మా ఇంట్లో, మంచం మా ఇంట్లో, మందుల డబ్బా మా ఇంట్లో. కానీ మేం కొత్త ఇల్లు కట్టుకుని అందులోకి దిగిన మొదటి ఎండాకాలం నుంచి ఆమె మధ్యాహ్నాలు మాత్రం అక్కవి అయిపోయాయి. అన్నం తిని చెయ్యి కడుక్కోవడమే ఆలస్యం, కొంగు నెత్తిన వేసుకుని "జర నడుం వాల్చొస్త బిడ్డా" అంటూ దిడ్డి దాటేది. పొద్దున స్నానం కూడా అక్కడే. కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్లయితేనే ఒళ్లు హాయిగా ఉంటుందనేది. మా ఇంట్లో గీజరు ఉంది. దాని స్విచ్చు నొక్కడం ఆమెకు నేనే నేర్పాను, ఒక్కరోజు కూడా నొక్కలేదు.

నాకు కడుపు మండేది. ఈ మాటను మెత్తగా చెప్పే ఓపిక నాకు లేదు. అక్క ఇల్లేమైనా గొప్పదా అంటే, కాదు. బావ చెరువులో చేపలు పట్టుకుని బతికే మనిషి. చేతిలో ఎంత ఉంటే అంత కట్టుకున్నారు. గోడలకు సున్నం, వసారాకు పాత గూనపెంకలు, నేలంతా పాలిష్ లేని షాబాదు బండలు. మా ఆయన ఆదిభట్ల కంపెనీ బస్సు నడుపుతాడు. బడంగ్‌పేట్‌లో మా చిన్నమ్మ ఇంట్లో చూసి వచ్చి నేను అచ్చం అలాంటి టైల్స్ కావాలని పట్టుబట్టాను. హాల్లో, వంటింట్లో, చివరికి బాత్రూములో కూడా మీగడ రంగు మెరుపు టైల్స్. గృహప్రవేశం నాడు వాడకట్టు ఆడవాళ్లందరూ బాత్రూము తలుపు దగ్గర నిలబడి "అద్దం లెక్కనే ఉన్నది" అన్నారు. అక్క కూడా తొంగి చూసి "మస్తుగున్నది చెల్లె" అంది. ఆమె గొంతులో కొంచెం దిగులు వినబడిందని నాకనిపించింది. దాన్ని తలుచుకుని వారం రోజులు మురిశాను.

అలా మురిసినందుకే కావచ్చు, తర్వాత అంత మండింది. బోరింగు దగ్గర ఒకామె నవ్వుతూ "మీ అత్తకు పెద్దకోడలి ఇల్లే మంచిగ పట్టింది గదనే" అన్నప్పుడు, బిందె అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాను.

చల్లదనం కోసమే పోతోందని మొదట తేల్చుకున్నాను. అక్క వసారా నిజంగానే చల్లగా ఉంటుంది. సరే, మా ఇంటిని అంతకంటే చల్లగా చేసి చూపిస్తానని కొంగు బిగించాను. స్లాబు మీదికి సున్నం తెప్పించాను. ఒక రాత్రంతా నానబెట్టి, పాత చీరగుడ్డలో వడగట్టి, జిగురు కలిపి, ముందు స్లాబును ఊడ్చి కడిగి, పొద్దెక్కక ముందే రెండు పూతలు పూశాను. మొదటి పూత బాగా ఆరితేనే రెండోది పట్టుకుంటుంది. తొందరపడితే పొరలు పొరలుగా లేస్తుంది, నాకు ఒక మూల అలాగే లేచింది. మూడో రోజు మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా పైకెక్కాను. కాలు కాలలేదు.

తర్వాత వెంటిలేటర్ల మీద పడ్డాను. ఏసీ పెట్టినప్పుడు చల్లగాలి బయటికి పోతుందని వాటికి అట్టముక్కలు కుక్కింది నేనే. ఏసీ గాలికి అత్తకు కీళ్లు గుంజుతాయి, కరెంటు పోతే గది పొయ్యిలా అయ్యేది. అట్టలు పీకేసి దోమల జాలీ కొట్టించాను. పైకి లేచిన వేడి పోవడానికి దారి దొరికింది. కూలరునైతే అంతవరకు గది మధ్యలో పెట్టి, కిటికీలన్నీ మూసి, చెమటలు కారుతూ ఇదేం కూలరని దాన్నే తిట్టేవాళ్లం. దాన్ని కిటికీకి ఆనించి బయటి గాలి తీసుకునేలా పెట్టి, ఎదురు కిటికీ తెరిస్తే జిడ్డు పోయి గాలి ఆడింది. ఇవన్నీ నాకెవరూ చెప్పలేదు. కుళ్లుతో అక్క ఇంటిని రోజూ చూసి చూసి నేర్చుకున్నాను. ఆమె ఇంట్లో ఎదురెదురు తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి.

అత్త హాల్లోకి వచ్చి పైకీ కిందికీ చూసి "మంచిగ సల్లగైంది బిడ్డా" అంది. నా గుండె ఉబ్బింది. తర్వాత కొంగు నెత్తిన వేసుకుని దిడ్డి దాటింది.

ఆ రోజే గోడ మీదుగా చూశాను. అలా చూడటం తప్పని తెలుసు, అయినా చూశాను. అక్క చెంబు నిండా నీళ్లు తెచ్చి ఇచ్చింది. అత్త తలెత్తి గటగటా తాగింది. చెంబు ఖాళీ చేసి మళ్లీ అడిగింది. మా ఇంట్లో అన్నం దగ్గర పెట్టిన గ్లాసులో రెండు గుక్కలు తాగి పక్కన పెట్టే మనిషి! ఇద్దరం కొనేది ఒకే బండి అమ్మే క్యాను నీళ్లు. అక్క చేతి నీళ్లలో చక్కెర ఉందా, నా చేతి నీళ్లలో విషముందా అనుకున్నాను.

మర్నాడే కుమ్మరి దగ్గరికి పోయి రంజన్ కొన్నాను. కొత్త కుండ కదా, రెండు రోజులు నీళ్లు పోసి పారబోస్తే మట్టివాసన పోయింది. కింద తడి ఇసుక, చుట్టూ తడిగుడ్డ, లోపల గుప్పెడు వట్టివేళ్లు. నీళ్లు గొంతులో దిగుతుంటే ప్రాణం లేచి వచ్చేది. అత్త రంజన్‌ను అరచేత్తో తట్టి చూసి "మంచి కుండ దొరికింది" అని మెచ్చుకుంది. రెండంటే రెండే గుక్కలు తాగింది. దిడ్డి దాటింది. ఆ మధ్యాహ్నం నేను ఏడ్చాను. ఏడ్చి, కోపమంతా బాత్రూము మీద చూపించాను. నా అలవాటు అదే. అన్నాలయ్యాక సబ్బుపొడి నీళ్లతో బాత్రూమంతా తోమేదాన్ని. మా బోరు నీళ్లకు టైల్స్ మీద తెల్లటి ఉప్పు పేరుకుంటుంది, ఒక్కరోజు వదిలినా మెరుపు పోతుంది. నా ఇంట్లో నన్ను ఓదార్చేది ఆ మెరుపొక్కటే.

ఎండలు ముదిరాక అత్తకు జ్వరం వచ్చింది. కళ్లు తిరుగుతున్నాయంది, ఒంటికి పోతుంటే మంటంది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. అక్క కూడా ఎక్కి కూర్చుంది, నేను వద్దనలేకపోయాను. డాక్టరమ్మ చూసి, ఒంట్లో నీళ్లు చాలడం లేదని చెప్పి, రోజుకు ఎన్ని గ్లాసులు తాగుతావని అత్తను అడిగింది. అత్త తల దించుకుంది. నేను నోరు తెరిచేలోపు అక్క అందుకుంది.

"మా ఇంట్ల మంచిగనే తాగుతది డాక్టరమ్మా."

అక్కడికక్కడే నేల చీలితే బాగుండనిపించింది. అంటే మా ఇంట్లో ఎండబెడుతున్నామనేగా! ఇంటికి వచ్చాక అత్తను పడుకోబెట్టి, దిడ్డి దగ్గర అక్కను ఆపేశాను.

"అక్కా, నిజం చెప్పు. మా అత్తకు ఏం మందు పెట్టినవ్? నా చేతి నీళ్లు ఎందుకు ముట్టదు?"

మందు పెట్టడమంటే వశం చేసుకోవడానికి చేతబడి చేసినట్టు, మామూలు మాట కాదు. అక్క ముఖం నల్లబడింది. ఎదురు తిట్టలేదు. దిడ్డి చెక్కను గోటితో గీకుతూ చెప్పింది.

"చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నది. గని నువ్వు గింత మాటన్నంక చెప్పకుంటె ఎట్ల? కొత్తింట్లకు వచ్చిన పది దినాలకే నీ బాత్రూంల జారి పడ్డదే అత్త. గప్పటిసంది ఆడ కాలు పెట్టాలంటె భయం. నీళ్లు తాగితె పోవాలె గద. గందుకే తాగది."

నాకు అత్త మోచేతి మీద నల్లగా కమిలిన మచ్చ గుర్తొచ్చింది. తలుపు తాకిందంటే నమ్మి, నేనే పసుపు రాశాను.

"నమ్మకపోతె నువ్వే ఉత్త కాళ్లతోని నడిచి చూడు. కడిగినంక, ఆరకముందు" అని అక్క వెళ్లిపోయింది.

చూశాను. సబ్బునీళ్లు పోసి, ఎప్పుడూ వేసుకునే రబ్బరు చెప్పులు విడిచి లోపల అడుగు పెట్టాను. రెండో అడుగుకే కాలు సర్రున జారింది, కుళాయిని పట్టుకోబట్టి ఆగాను. నాకే ఇలా ఉంటే ఆమెకు? పైగా ఆమె వెళ్లాల్సిన వేళకే, అన్నాలు కాగానే, నేను రోజూ ఆ నేలను నున్నగా తోమి పెట్టాను.

అత్త మంచం పక్కన కూర్చుని అడిగాను. ఆమె మొదట గోడవైపు తిరిగింది.

"చెప్పేసిందా అది?" అంది. తర్వాత నెమ్మదిగా, "చేపల గంప ఎత్తుకోని చెరువు రాళ్ల మీద నడిచిన దాన్ని. పాచి మీద గూడ ఎన్నడు జారలే. బాత్రూంల పడ్డనంటె నలుగురు నవ్వరా? నువ్వు గంత మోజుతోని ఏయించుకుంటివి. బండలు మంచిగ లెవ్వని నీకెట్ల జెప్పాలె బిడ్డా? పొద్దుగూకినంక చుక్క నీళ్లు ముట్టనే ముట్ట. గోడ పట్టుకోని ఒక్కసారి పోయొస్త."

నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులో కూడా ఒక మంట ఉంది. పడ్డ సంగతి నాకు చెప్పకుండా అక్కకు చెప్పుకుంది. మందులిచ్చేది నేను, అన్నం పెట్టేది నేను, నొప్పి చెప్పుకునేది అక్కడ. నా మీద ప్రేమతోనే దాచిందని బుద్ధికి తెలుసు. కడుపుకు ఆ సంగతి ఎవరు చెప్పాలి?

ముందుగా ఒక రబ్బరు పట్టా కొని వేశాను. దాని కిందికి సబ్బునీళ్లు చేరి పట్టాతో సహా జారింది. లాభం లేదని మా ఆయనతో చెప్పి మేస్త్రీని పిలిపించాను. టైల్స్ పగలగొడుతుంటే వంటింట్లో నిలబడి ప్రతి దెబ్బా విన్నాను. ఏ బండలు వేయాలో నాకు తెలియదు. తెలిసిన మనిషి గోడ అవతల ఉంది. రెండు రోజులు బిగుసుకుని కూర్చుని, మూడో రోజు దిడ్డి దగ్గర నిలబడి "అక్కా, జర నాతోని దుకాణానికి వస్తవా?" అన్నాను. మందు మాట గురించి ఆమె ఏమీ అనలేదు. కాలికి చెప్పులు తొడుక్కుని బయల్దేరింది.

దుకాణంలో అక్క చేసిన పని ఇప్పటికీ మరవలేను. వరుసగా బండలు పరిపించి, సీసాలో నీళ్లు అన్నింటి మీదా పోసి, చెప్పులు విడిచి ఒక్కొక్కదాని మీదా అత్తలా మెల్లగా అడుగులేసింది. "గిది జారుతది. గిది గరుకు ఎక్కువ, ముసలి కాళ్లు కోసుకుపోతయి. గిది మంచిగున్నది" అని పాలిష్ లేని ఒక షాబాదు బండ మీద ఆగింది. ఆ ఆలోచన నాకు రాలేదే అని దుకాణంలో కూడా కుళ్లుకున్నాను.

బండలు ఆమె చెప్పినవే వేయించాను. వాలు సరిగా నీళ్ల జాలీ వైపుకే ఉండేట్టు, ఒక చెంబు పోసి ఎక్కడా నిలవట్లేదని చూశాకే మేస్త్రీని పోనిచ్చాను. కూర్చుని లేచే చోట, ఆమె చెయ్యి అందే ఎత్తు కొలిచి, స్టీలు కడ్డీ బిగించాం. పైపైన కాకుండా గోడ ఇటుకలోకి దిగేలా, ముందు నేను ఊగి చూశాక. లైటు స్విచ్చు తలుపు బయటికి వచ్చింది. సబ్బుపొడి తోముడు మానేసి పొద్దున్నే ఉత్త నీళ్లు పోసి చీపురుతో రుద్ది, కిటికీ తెరిచి ఆరనిస్తున్నాను. ఇప్పుడా బాత్రూమును అద్దంలా ఉందని ఎవరూ అనరు.

బండలు బాగా అతుక్కున్నాక, మొదటి మధ్యాహ్నం అత్త అన్నం తిని చెంబు అందుకుంది. నేను అటు తిరిగి గిన్నెలు సర్దుతున్నట్టు నటించాను. గుటకలు వినబడుతూనే ఉన్నాయి. చెంబు ఖాళీ అయింది. తర్వాత బాత్రూములోకి పోయింది. తలుపు అవతల కుళాయి చప్పుడు, దగ్గు, కడ్డీకి గాజులు తగిలిన చప్పుడు. వచ్చి మా హాల్లో, మా కూలరు ముందు నడుం వాల్చింది. నిద్ర పట్టేసింది.

అంతలో దిడ్డి కిర్రుమంది. అక్క నిలబడి ఉంది, చేతిలో నిండు చెంబు, పైన మూత పెట్టిన పళ్లెం.

"అత్త రాలేదేంది?"

"పండుకున్నది."

లోపలికి తొంగి చూసింది. ఆ ముఖం నాకు బాగా తెలిసిన ముఖం. బోరింగు దగ్గర బిందె వదిలి వచ్చిన రోజు నా అద్దంలో చూసింది అదే. లోపలికి రా అక్కా అనాల్సింది. అనలేదు. ఆమె చెంబులో నీళ్లు గోడ పక్క కరివేపాకు మొదట్లో పోసి వెళ్లిపోయింది. అబద్ధమెందుకు, నాకు సంతోషంగానే ఉంది.

ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. తడి బండల మీద మెల్లగా అడుగులేస్తున్న అక్క కాళ్లే కళ్ల ముందు తిరిగాయి. మర్నాడు అన్నాలు కాగానే నేనే దిడ్డి తీశాను.

"అత్తా, అక్క ఎదురుచూస్తుంటది. జర పోయిరా" అన్నాను. అంటుంటే కూడా లోపల చురుక్కుమంది.

అత్త కొంగు నెత్తిన వేసుకుంది. దిడ్డి దాకా పోయి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి చెయ్యి చాపింది.

"పోత గని, ముందుగాల్ల నీ రంజన్ల నీళ్లియ్యి. ఈడనే తాగి పోత."