ఖాళీగా వదిలిన రెండో పక్క

మొన్న మా మనవరాలు ఫోను తెచ్చి నా చెవి దగ్గర పెట్టి, ఇదెవరి గొంతో చెప్పుకో నాన్నమ్మా అన్నప్పుడు, మొదటి మాటకే పోల్చుకున్నాను. మా అన్న గొంతు. ఎప్పుడో ఆయన పాడిన నాలుగు పాటలనూ ఎవరో పుణ్యాత్ములు పాత క్యాసెట్టులోంచి తీసి ఫోనులోకి ఎక్కించారట; కింద విన్నవాళ్ళ అభిప్రాయాలు ఒకదాని కింద ఒకటి, ఎంత తోసినా అయిపోకుండా వస్తున్నాయి. వాటిని చదువుతుంటే నాకు పసుపు రంగు పోస్టుకార్డులు గుర్తుకొచ్చాయి.

నేను బడి మెట్టు ఎక్కినదాన్ని కాను. మా అన్న బడి నుంచి వచ్చి, చేటలో బియ్యం పరిచి, ఆ రోజు తాను నేర్చుకున్న అక్షరాలు నా చేత దిద్దించేవాడు. ఇవాళ దేవుడి ముందు కూర్చుని నాలుగు శ్లోకాలు చదువుకోగలుగుతున్నానంటే ఆ చేట పుణ్యమే, ఆ చెయ్యి పుణ్యమే.

పుంగనూరు పక్కన మా పుట్టింట్లో, వానలకు ముందు విత్తనానికి శనక్కాయలు ఒలవడానికి ఆడవాళ్ళు వచ్చేవారు. ఒకరు పాట ఎత్తుకుంటే తక్కినవాళ్ళు అందుకునేవారు. అన్న ఆ పాటలు వింటూ పెరిగి, కుప్పంలో పంతులు ఉద్యోగంలో చేరాక గిటారు నేర్చుకుని, ఎనభైల నడుమ ఒక సెలవురోజు రైలెక్కి బెంగుళూరు పోయి నాలుగు పాటలు క్యాసెట్లుగా చేయించుకొచ్చాడు. నాలుగూ ఒక పక్కకే సరిపోయాయి. రెండో పక్కను కావాలనే ఖాళీగా ఉంచాడు, విన్నవాళ్ళు ఏమంటారో తెలుసుకుని తరవాత పాడతానని. చుట్టుపక్కల ఊళ్ళ అంగళ్ళకు వాటిని అమ్మకానికి ఇస్తూ, ప్రతి డబ్బాకూ ఒక పోస్టుకార్డు రబ్బరు బ్యాండుతో చుట్టాడు. వాటి మీద మదనపల్లెలోని మా ఇంటి చిరునామా రాసింది నేనే, ఆయన నేర్పిన అక్షరాలతోనే. పది మంది మంచిగా రాస్తే ఉద్యోగానికి పెద్ద సెలవు పెట్టి పాటల్లోకే దిగుతానని, లేకుంటే గిటారు మళ్ళీ ముట్టనని నా ఎదుటే అనుకున్నాడు.

మొదట ఆ ఒలిచే ఆడవాళ్ళకే వినిపించాడు. వాళ్ళలో పెద్దావిడ ముక్కున వేలేసుకుని, "యాలప్పా అంత తొందర? మేం అందుకునేలోగానే అయిపోతాండాదే! పాటంటే ఒక చేట కాయలు ఒలిచేదాకా రావాల. నీ పాటకి దోసెడు కాయలు గూడా కాలా!" అంటే, అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది అన్నే.

తరవాత కార్డులు రావడం మొదలైంది. అన్నీ పుంగనూరు నుంచే. వింటుంటే కళ్ళ వెంట నీళ్ళు ఆగలేదని ఒకరు, పొద్దున దీపం పెట్టగానే ఈ క్యాసెట్టే పెట్టుకుంటున్నామని ఒకరు. శనక్కాయల పాటలు దీపం దగ్గర పెట్టుకోవడమేమిటా అని మాకు తట్టనే లేదు. అన్న పొంగిపోయాడు, నేను దేవుడికి కొబ్బరికాయ కొట్టాను. పదకొండో కార్డు వచ్చిన వారానికి ఆయన సెలవు అర్జీ రాసుకున్నాడు.

అప్పుడే పుట్టింటికి పోతూ, పుంగనూరులో ఆ క్యాసెట్లు అమ్ముతున్న అంగట్లోకి, కృతజ్ఞత చెప్పుకుందామని వెళ్ళాను. అంగడాయన ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు. "ఆ రెండో పక్క ఉత్తదేగదమ్మా! కొన్నోళ్ళు తిరిగొచ్చి, టేపు సెడిపోయిందని కసురుకుంటాండిరి. అందుకని మళ్ళా రికార్డు అయ్యేటట్టు పైన తూటుకి కాగితం ముక్క అంటించి, దేవుని భజనలు ఎక్కిస్తి. మీ యన్న పేరు సెప్పుకుని ఊరంతా దండం పెట్టుకుంటాండారు. మీరూ బత్తిగలోళ్ళే, తప్పంటారా?" అన్నాడు.

తప్పని ఎలా అనను? దేవుడి పాటను తీసెయ్యమని నా నోటితో ఎలా చెప్పను? ఒక క్యాసెట్టు తీసుకుని, ఆయనకు దండం పెట్టి వచ్చేశాను. బస్సులో మదనపల్లె దాకా ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, ఇది నాకెందుకు తెలియజేశావని ఆ దేవుణ్ణే అడుగుతూ కూర్చున్నాను.

ఆదివారం అన్న వచ్చాడు, రెండు కొత్త పాటలతో. అర్జీ జేబులో ఉంది, మర్నాడు ఇచ్చేస్తానన్నాడు. చెబితే ఆయన పాట ఆగిపోతుందేమోనని భయం. చెప్పకుంటే ఆయన బతుకేమవుతుందోనని భయం. చివరికి ఆ క్యాసెట్టును టేపురికార్డరులో రెండో పక్కకు తిప్పి పెట్టి, మీట నొక్కి, వంటింటి గడప దగ్గర నిలబడ్డాను. భజన మొదలైంది. అన్న ముఖం పాలిపోవడం చూశాను. కార్డులన్నీ ఆయన కళ్ళ ముందు తిరిగి ఉంటాయి. అయినా పాట సగానికి వచ్చేసరికి, దేవుడి పాట కదా, ఆయన చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. అయిపోయేదాకా అలాగే కూర్చుని, బాగా పాడినారు అని మాత్రం అన్నాడు. గిటారు మా ఇంట్లోనే వదిలి సాయంత్రం బస్సుకు కుప్పం వెళ్ళిపోయాడు. దానికోసం మళ్ళీ రాలేదు.

ఆ పని చేసి ఆయన ఉద్యోగాన్ని నిలబెట్టానో, పాటను ఆపేశానో నాకు ఈనాటికీ తెలియదు. పింఛనుతో చల్లగా ఉన్నాడు, అందుకు దేవుడికి రోజూ నమస్కరిస్తాను. కాని ఇప్పుడు ఆయనకు రెండు చెవులూ వినబడవు.

అందుకే ఫోనులోని అభిప్రాయాలను పెద్దపెద్ద అక్షరాలతో కాగితం మీదికి ఎత్తి రాసి, కుప్పం తీసుకుపోయాను. ఇంకొంచెం సేపు ఉంటే బాగుండును, ఇంతలోనే అయిపోయాయే అని ఎవరో రాసిన చోట, ఒలిచే పెద్దావిడ గుర్తొచ్చిందేమో, నవ్వాడు. కళ్ళద్దాలు తుడుచుకుని అంతా రెండుసార్లు చదివి, మెల్లగా అడిగాడు: "ఇవి యా పక్క పాటలకి, అమ్మణ్ణీ?"

ఫోనులో పాటకు పక్కలు లేవు. నీ నాలుగు పాటలే ఉన్నాయి, ఇవన్నీ నీకేనని గట్టిగా అరిచాను, వినబడలేదు. కాగితం మీద రాసి చూపించాను. ఆయన నన్ను నొప్పించడం ఇష్టం లేనట్టు తల ఊపి, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.