చిన్ని దాచిన మాట

మంజులత షూటింగుల్లో హెయిర్ డ్రెస్సర్. డాన్సర్లకు, చిన్న వేషాల వాళ్లకు జడలు అల్లడం, సవరాలు కట్టడం ఆమె పని. సిద్దిపేట నుంచి పెళ్లయి వచ్చి పదేళ్లుగా కృష్ణానగర్‌లోనే ఉంటోంది. మూడో అంతస్తులో ఒక గది, వంటిల్లు. భర్త తిరుమలేశ్ లైట్‌మన్. వాళ్ల ఒక్కగానొక్క కూతురు ఉదయశ్రీకి ఏడేళ్లు. ఇంట్లో చిన్ని అంటారు.

చిన్ని కుదురుగా కూర్చున్న రోజు లేదు. నోట్లో ముద్ద ఉండగానే లేచి ఉరికేది. బడిలో టీచర్ ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు అరిచేది, అది తప్పయ్యేది, పిల్లలు నవ్వేవాళ్లు. మొదటి బడి ఏడాది తిరక్కుండానే వద్దంది. యూసుఫ్‌గూడలో చేర్చిన రెండో బడిలో, పాఠం జరుగుతుండగా కిటికీ ఎక్కి అవతల సన్‌షేడ్ మీదికి దిగింది. ఎందుకు దిగావంటే, "పావురం పిల్లలున్నయి టీచర్" అంది. డాక్టరుకు చూపించి కాగితం తెచ్చేదాకా పంపొద్దని ప్రిన్సిపాల్ చెప్పేసింది.

ఆ వారమే మంజులతకు ఫిల్మ్‌నగర్‌లో ఒక పాట షూటింగు పడింది. తిరుమలేశ్ ఊళ్లో లేడు. చిన్నిని ఒంటరిగా వదిలితే బాల్కనీ గోడ ఎక్కుతుంది. మంజులత చాలాసేపు ఆలోచించి, చివరికి తన చున్నీతో బిడ్డ చేతిని మంచం కోడుకు కట్టింది. పక్కన బిస్కెట్లు, కార్టూన్లు పెట్టిన ఫోను ఉంచింది. రెండు గంటల్లో వస్తానని చెప్పి, పొద్దున ఎనిమిదింటికి బయట తాళం వేసింది.

వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. తాళం పగిలి ఉంది. పక్కగది సత్యలక్ష్మి ఒళ్లో చిన్ని నిద్రపోతోంది. సత్యలక్ష్మి భీమవరం వైపు నుంచి వచ్చిన జూనియర్ ఆర్టిస్టు, యాభై దాటిన మనిషి. పాప మణికట్టు చుట్టూ తోలు లేచిపోయి ఎర్రగా ఉంది.

"పిల్ల అరుపులకి తాళం పగలగొట్టించాను మంజులా. గౌను తడిపేసుకుంది. గొంతు పోయింది," అంది సత్యలక్ష్మి. "ఇంకోసారి ఇలా చేశావంటే నేనే పోలీసులకి చెప్తాను. ముందు దీన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు."

మంజులత గడపలోనే కూలబడింది. "నాకు వేరే తొవ్వ దొరకలే అక్కా," అంది. ఆ మాట తనకే నచ్చలేదు.

మోతీనగర్‌లో పద్మప్రియ అనే పిల్లల మానసిక వైద్యురాలి క్లినిక్కు ఉందని సత్యలక్ష్మే చెప్పింది. డాక్టరు మూడుసార్లు రమ్మంది. టీచరుతో కాగితాలు నింపించింది, బరువు తూచింది, గుండె పరీక్షించింది. చేతి మీది మచ్చ చూసి అడిగితే మంజులత ఏదీ దాచలేదు. "ఇది మళ్లీ జరగకూడదమ్మా," అంది డాక్టరు. పాపకు ఏడీహెచ్‌డీ, అంటే కుదురూ ధ్యాసా నిలవని సమస్య ఉందని, అది పెంపకం వల్ల వచ్చింది కాదని, మందుతో పాటు తల్లిదండ్రులు నేర్చుకోవాల్సిందీ ఉందని వివరించింది. తక్కువ మోతాదుతో పొద్దున టిఫిన్ తర్వాత ఒక మాత్ర రాసింది.

తిరుమలేశ్ ఆ చీటీ చేతిలోకి కూడా తీసుకోలేదు.

"ఏడేండ్ల పిల్లకు పిచ్చి గోలీలా? మా చిన్నాయనకు గిట్లనే మొదలుపెట్టిండ్రు. ఆఖరికి గోడకు ఒరిగి కూసోని చొల్లు కార్చుకుంట సచ్చిండు."

"గవి వేరే మందులంట. జర సమజ్ చేస్కో," అంది మంజులత.

మొదటి మాత్ర ఆదివారం ఆమే వేసింది. చిన్ని దాన్ని అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసి, "ఇది మింగితే నన్ను కట్టెయ్యవు గదా అమ్మా?" అంది. మంజులత నీళ్ల గ్లాసు అందించింది. ఆ రోజు చిన్ని నలభై నిమిషాలు కదలకుండా బొమ్మలకు రంగులు వేసింది. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. గుమ్మంలో నిలబడి తిరుమలేశ్ కూతుర్నే చూస్తూ ఉండిపోయాడు.

మర్నాటి నుంచి మంజులతకు ఐదు వారాల షెడ్యూలు మొదలైంది. తెల్లవారుజామునే వెళ్లిపోవాలి. అప్పటికి తిరుమలేశ్‌కు పని లేదు. "గోలి నేనేస్త తియ్, ఫికర్ చెయ్యకు," అన్నాడు. మనసు మార్చుకున్నాడని ఆమె సంతోషించింది.

కానీ చిన్నిలో మార్పు లేదు. బడిలో మళ్లీ చేర్చుకున్నారు గానీ రోజూ డైరీలో ఎర్ర గీతలే. రెండు వారాలకు డాక్టరు మోతాదు పెంచింది. ఇంకో రెండు వారాలకు మళ్లీ పెంచింది. ప్రతిసారీ, "రోజూ వేస్తున్నారు కదా?" అని అడిగింది. "వేస్తున్నం మేడం," అని మంజులతే చెప్పింది.

షెడ్యూలు అయిపోయిన మరుసటి రోజు, రెండుసార్లు పెరిగిన మోతాదును మంజులతే తన చేత్తో వేసింది. గంటకల్లా చిన్ని గదిలో గోడ నుంచి గోడకు తిరగడం మొదలుపెట్టింది. వేళ్ల చివర తోలు గోళ్లతో పీక్కుంటోంది, నెత్తురు వస్తున్నా ఆపడం లేదు. ఛాతీ మీద చెయ్యి వేస్తే గుండె దడదడా కొట్టుకుంటోంది.

"అమ్మా, నా లోపల ఎవరో ఉరుకుతున్నరు. ఆగమను," అని ఏడ్చింది.

మంజులత ఆమెను ఎత్తుకుని మూడు అంతస్తులు దిగి ఆటో ఎక్కింది. డాక్టరు చూసి, వెంటనే దగ్గర్లోని ఆసుపత్రిలో చేర్పించింది. సాయంత్రానికి గుండె వేగం తగ్గింది.

"ఇన్ని వారాలుగా మందు వాడుతున్న పిల్లకి ఇంత రావడం ఏంటి? మొన్నటి దాకా సరిగ్గా ఎంత వేశారు?" అని డాక్టరు అడిగింది.

అప్పుడే వచ్చిన తిరుమలేశ్ తలుపు దగ్గరే ఆగిపోయాడు. "నేను ఒక్క గోలి గూడ వెయ్యలే మేడం," అన్నాడు. "దినాం సింకుల పారేసిన. నా బిడ్డ మా చిన్నాయన లెక్క అయితదని భయమైంది."

డాక్టరు ముఖం గట్టిపడింది. అది చెప్పి ఉంటే మోతాదు పెంచేదాన్నే కాదంది. మంజులత భర్త వైపు చూడలేదు. మంచం మీద ఉన్న చిన్నిని అడిగింది.

"నీకు తెల్సా బిడ్డా?"

చిన్ని తలూపింది. "డాడీ ఏడ్సిండు. నీకు చెప్తే ఇంట్ల కొట్లాటైతదన్నడు. అందుకే చెప్పలే."

ఒక నిమిషం నోరు మూసుకోలేని పిల్ల. పక్కింటివాళ్ల ఫోను మాటలు కూడా మెట్ల మీద అందరికీ చెప్పేసే పిల్ల. ఐదు వారాలు ఆ ఒక్క మాట కడుపులో పెట్టుకుని తిరిగింది. ఇన్నాళ్లలో కంట తడి పెట్టని మంజులత ఆసుపత్రి మంచం అంచు పట్టుకుని అప్పుడు ఏడ్చింది.

కొన్నాళ్లు ఆపి, మందు మళ్లీ మొదటి మోతాదు నుంచి మొదలుపెట్టారు. మంజులత పొద్దున్నే వెళ్లే షూటింగులు మానేసి, విగ్గులు అల్లే షాపులో చేరింది. తన వల్ల కాని రోజు సత్యలక్ష్మి వచ్చి మాత్ర వేస్తుంది. చిన్ని ఇప్పుడు నోటుబుక్కులో అయిదారు లైన్లు వరసగా రాస్తోంది. కిటికీలు ఎక్కడం తగ్గింది. బాగా చిక్కిపోయింది. సాయంత్రం మందు దిగేవేళకు కారణం లేకుండా అరగంట ఏడుస్తుంది. అది కూడా సర్దుకోవచ్చని డాక్టరు అంటోంది. బడివాళ్లు ఈ ఏడాది వరకే ఉంచుకుంటామన్నారు.

భార్యాభర్తలు పిల్ల గురించి తప్ప మాట్లాడుకోవడం లేదు. మోతీనగర్ వెళ్లిన ప్రతిసారీ తిరుమలేశ్ వెంట వస్తాడు. క్లినిక్కు మెట్ల మీద కూర్చుంటాడు. మంజులత లోపలికి రమ్మని పిలవదు.